లాగిన్ అయినా సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ కావడం లేదా? ఎరువుల దుకాణాలు, సొసైటీలు, రైతు సంఘాలు చూసుకోవలసిన విషయాలు

న్యాల్‌కల్ మండలంలో తొలకరి పడిందంటే పత్తి, సోయా, కంది, పెసర గింజలు రోజుల వ్యవధిలోనే భూమిలో పడతాయి. నెల తిరిగేసరికి పత్తికి పైపాటుగా యూరియా వేయాలి. వాన కురిసి నేల పదునుగా ఉన్న రెండు మూడు రోజుల్లో వేసిన ఎరువే మొక్కకు బాగా అందుతుంది. సరిగ్గా ఆ రోజునే దుకాణానికి వెళ్తే "కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కడం లేదు, రేపు రండి" అన్న మాట వినపడుతుంది. బస్తాలు గోదాములోనే ఉంటాయి, డబ్బు రైతు జేబులోనే ఉంటుంది. మధ్యలో ఆగింది ఒక ఫైలు.

ఇలాంటప్పుడు "సర్వర్ డౌన్" అని అందరం ఒకే మాట అనేస్తాం. కొన్నిసార్లు అది నిజమే. కానీ చాలాసార్లు కారణం మన బల్ల మీదే ఉంటుంది: కంప్యూటర్ తేదీ తప్పు కావడం, పాత బ్రౌజర్, సగంలో తెగిన డౌన్‌లోడ్, గడువు ముగిసిన లాగిన్. ఇవన్నీ మెకానిక్ అవసరం లేకుండా సరిచేసుకోగలిగినవే. ఎరువుల డీలర్లు, సొసైటీ సిబ్బంది, రైతు ఉత్పత్తిదారుల సంఘాల (ఎఫ్‌పీఓ) నిర్వాహకులు, వారికి సాయపడే ఊరి యువకులు తప్పు ఎక్కడ ఉందో వరుసగా చూసుకునే పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాం. దుకాణం ముందు నిలబడిన రైతు తెలుసుకోవలసిన విషయాలు కూడా చివర్లో ఉన్నాయి.

ఎరువు అమ్మడానికి లాగిన్ ఎందుకు?

ఎరువులకు ప్రత్యక్ష ప్రయోజన బదిలీ (డీబీటీ) విధానాన్ని 2016 అక్టోబరులో కొన్ని జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2018 మార్చి నాటికి దేశమంతటా అమలులోకి తెచ్చారు. ఈ విధానంలో కంపెనీకి సబ్సిడీ అందేది, రైతుకు బస్తా అమ్మినట్లు ఈ-పాస్ యంత్రంలో నమోదైన తర్వాతే. మొదట్లో చేతిలో పట్టుకునే చిన్న యంత్రాలే ఉండేవి. 2019 జులైలో కేంద్ర ఎరువుల శాఖ డీబీటీ రెండో దశలో భాగంగా, కంప్యూటర్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ వేసుకునే డెస్క్‌టాప్ పీఓఎస్ సాఫ్ట్‌వేర్‌ను కూడా విడుదల చేసింది. రద్దీ ఎక్కువగా ఉండే దుకాణాలకు పెద్ద తెర, వేగం కలిసివస్తాయని దీని ఉద్దేశం.

సొసైటీల్లోనూ కంప్యూటర్ల వాడకం పెరుగుతోంది. దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఎఫ్‌పీఓలకు లెక్కల సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకం టోకెన్ సాఫ్ట్‌వేర్, వేలిముద్ర పరికరం సాఫ్ట్‌వేర్ లాంటివి కావాలి. వీటిలో కొన్నింటిని ఎవరైనా దించుకోవచ్చు. మరికొన్నింటిని ఐడీ, పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చి లాగిన్ అయిన వారికే ఇస్తారు. చిక్కులు ఎక్కువగా వచ్చేది ఈ రెండో రకంలోనే.

గేటు చీటీతో పోల్చి చూడండి

మార్కెట్ యార్డుకు పత్తి తీసుకెళ్తే గేటు దగ్గర వివరాలు చూసి చీటీ ఇస్తారు. ఆ చీటీ చూపిస్తేనే లోపల తూకం. వెబ్‌సైట్‌లో లాగిన్ కావడం కూడా అలాంటిదే. ఐడీ, పాస్‌వర్డ్ సరిపోయాక సర్వర్ మీ బ్రౌజర్‌కు ఒక చీటీ ఇస్తుంది. దీన్ని సెషన్ అంటారు. డౌన్‌లోడ్ బటన్ నొక్కినప్పుడు బ్రౌజర్ ఆ చీటీని చూపించి ఫైలు తెస్తుంది.

ఈ చీటీకి మూడు గుణాలు ఉన్నాయి. ఒకటి, దానికి గడువు ఉంటుంది. లాగిన్ అయ్యి, మధ్యలో నలుగురు రైతులతో మాట్లాడి, అరగంట తర్వాత బటన్ నొక్కితే చెల్లకపోవచ్చు. రెండు, అది తీసుకున్న బ్రౌజర్‌కే చెల్లుతుంది. డౌన్‌లోడ్ లింకును కాపీ చేసి ఇంకో బ్రౌజర్‌లోనో, డౌన్‌లోడ్ మేనేజర్‌లోనో, వాట్సాప్‌లో ఇంకొకరికో ఇస్తే లింకు వెళ్తుంది గానీ చీటీ వెళ్లదు. మూడు, అదే ఐడీతో మరో చోట లాగిన్ అయితే మొదటి చీటీని కొన్ని సైట్లు రద్దు చేస్తాయి. దుకాణంలో ఒకరు, ఇంట్లో ఒకరు ఒకే ఐడీ వాడుతుంటే ఈ ఇబ్బంది వస్తుంది.

ముందు ఫైలు తూకం చూడండి

బస్తా మీద పేరు సరిగ్గా ఉన్నా, ఎత్తితే తేలిగ్గా ఉంటే అనుమానిస్తాం కదా. డౌన్‌లోడ్ అయిన ఫైలునూ అలాగే చూడాలి. ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే సైజు కనిపిస్తుంది.

ఇన్‌స్టాల్ చేసే పూర్తి ఫైలు సాధారణంగా కొన్ని ఎంబీల నుంచి కొన్ని వందల ఎంబీల వరకు ఉంటుంది. మీ ఫైలు 10 కేబీ, 40 కేబీ మాత్రమే ఉందంటే మీకు దిగింది సాఫ్ట్‌వేర్ కాకపోవచ్చు. చీటీ చెల్లనప్పుడు చాలా సైట్లు "మళ్లీ లాగిన్ కండి" అనే పేజీని పంపుతాయి. బ్రౌజర్ ఆ పేజీనే సెటప్ అన్న పేరుతో దాచిపెడుతుంది. దాన్ని రెండుసార్లు నొక్కితే "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అనో, "జిప్ ఫైలు చెడిపోయింది" అనో వస్తుంది. కంప్యూటర్ పాడైందని కంగారు పడనక్కర్లేదు. ఆ ఫైలు తీసేసి, మళ్లీ లాగిన్ అయ్యి దించుకుంటే సరిపోతుంది.

సైజు ఎంబీల్లో ఉన్నా సైట్‌లో రాసిన దానికంటే తక్కువగా ఉంటే, నెట్ తెగి సగంలో ఆగిందని అర్థం. లాగిన్‌తో వచ్చే డౌన్‌లోడ్లు ఆగిన చోటు నుంచి మళ్లీ సాగకపోవచ్చు. అలాంటప్పుడు "రెజ్యూమ్" నొక్కుతూ కూర్చోకుండా మొదటి నుంచి దించుకోవాలి.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని సెటప్ ఫైళ్లు కావాలనే చిన్నగా ఉంటాయి. నడిపినప్పుడు అవి మిగతా భాగాలను నెట్ నుంచి తెచ్చుకుంటాయి. సైట్‌లో సైజు ఎంత రాశారో చూసి పోల్చుకోవాలి. నెట్ నిలకడగా లేని ఊళ్లలో, ఉంటే, మొత్తం ఒకేసారి దిగే "ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్" ఎంచుకోవడం మేలు.

తెర మీద వచ్చిన సంఖ్య ఏం చెబుతోంది?

లోపం వచ్చినప్పుడు తెర మీద మూడంకెల సంఖ్య కనిపిస్తే వెంటనే పేజీ మూసేయకండి. తప్పు ఎవరి వైపు ఉందో తెలిపే గుర్తు అదే.

• 401: మీరెవరో సర్వర్‌కు తెలియలేదు. చీటీ లేదు, లేదా గడువు ముగిసింది. బయటకు వచ్చి మళ్లీ లాగిన్ కావాలి.
• 403: సర్వర్ ఒప్పుకోవడం లేదు. మీ ఐడీకి ఆ ఫైలు తీసుకునే అనుమతి లేకపోయినా, ఖాతా నిలిపివేసినా ఇది రావచ్చు. మళ్లీ మళ్లీ ప్రయత్నించి లాభం లేదు, ఖాతా చూసే అధికారులను అడగాలి.
• 404: ఆ చోట ఫైలు లేదు. పాత లింకు లేదా బుక్‌మార్క్ వాడుతున్నారేమో చూడండి. సైట్ మొదటి పేజీ నుంచి వెళ్లాలి.
• 407: మధ్యలో ఉన్న నెట్‌వర్క్ (ప్రాక్సీ) లాగిన్ అడుగుతోంది. ఆఫీసుల నెట్‌లో ఇది కనిపిస్తుంది. వీలుంటే ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించవచ్చు.
• 500, 502, 503: ఇవి సర్వర్ వైపు ఇబ్బందులు. మీ కంప్యూటర్‌లో ఏమీ మార్చకండి. కాసేపాగి, రద్దీ తక్కువగా ఉండే వేళ చూడండి.
• "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అనే హెచ్చరిక: ముందు కంప్యూటర్ తేదీ చూడండి. తేదీ సరిగ్గా ఉన్నా హెచ్చరిక వస్తే ఆ సైట్‌లో పాస్‌వర్డ్ కొట్టకండి.

పది నిమిషాల పరీక్ష: ఈ వరుసలో చూడండి

ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పని చేసిందో తెలియదు. ఒక్కొక్కటిగా చేసి చూడాలి.

1. తేదీ, సమయం: కరెంటు పోయి వచ్చాక పాత డెస్క్‌టాప్‌లలో తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లడం చూస్తుంటాం. మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే ఇలా జరుగుతుంది. వెబ్‌సైట్ల గుర్తింపు పత్రాలకు మొదలు, ముగింపు తేదీలు ఉంటాయి. మీ గడియారం తప్పయితే అసలైన సైటు కూడా బ్రౌజర్‌కు నకిలీలా కనిపిస్తుంది. తేదీ, సమయం సరిచేసి, "సమయాన్ని ఆటోమేటిక్‌గా సెట్ చేయి" అన్నది ఆన్ చేయండి. మళ్లీ మళ్లీ వెనక్కి పోతుంటే బ్యాటరీ మార్పించండి.

2. నెట్: మామూలు వెబ్‌సైట్ ఒకటి తెరిచి చూడండి. సిగ్నల్ ఊగిసలాడే చోట పేజీ తెరుచుకుంటుంది గానీ పెద్ద ఫైలు మధ్యలో తెగిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ వాడుతుంటే డేటా మిగిలి ఉందో లేదో చూసుకోండి. డౌన్‌లోడ్ సాగుతుండగా కాల్ రాకుండా ఇంకో సిమ్ ఉన్న ఫోన్ వాడితే మంచిది.

3. విండోస్, బ్రౌజర్ వయసు: విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 నుంచి విండోస్ 7లో కొత్త క్రోమ్ పని చేయదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15తో విశ్రాంతి తీసుకుంది. విండోస్ 10కు కూడా సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. పాత బ్రౌజర్లలో లాగిన్ పేజీ తెరుచుకోకపోవచ్చు, తెరుచుకున్నా బటన్లు పని చేయకపోవచ్చు. విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాల్లో "విన్‌వర్" అని కొడితే మీ విండోస్ ఏదో తెలుస్తుంది.

4. ఐడీ, పాస్‌వర్డ్: బ్రౌజర్ దాచుకున్న పాత పాస్‌వర్డ్‌ను తనంతట తానే నింపుతుంటే దాన్ని చెరిపి చేత్తో కొట్టండి. వాట్సాప్ నుంచి కాపీ చేస్తే చివర ఒక ఖాళీ కూడా అంటుకుని వస్తుంది. క్యాప్స్ లాక్ చూసుకోండి. రెండుసార్లు తప్పయితే ఆగండి. వరుసగా తప్పు కొడితే ఖాతా లాక్ కావచ్చు. "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అన్న దారిలో కొత్తది పెట్టుకోవడమే సురక్షితం. ఓటీపీ రాకపోతే, నమోదైన నంబరు ఎవరిదో గుర్తు చేసుకోండి. సంఘం పాత మేనేజర్ నంబరు అలాగే ఉండిపోవడం మామూలే.

5. ప్రైవేట్ విండో: క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో, ఎడ్జ్‌లో ఇన్‌ప్రైవేట్ విండో తెరిచి లాగిన్ కండి. అక్కడ పని చేసి, మామూలు విండోలో చేయకపోతే, పాత చీటీలు (కుకీలు) అడ్డు పడుతున్నాయని అర్థం. ఆ ఒక్క సైట్ కుకీలు చెరిపితే చాలు.

6. పాప్-అప్: బటన్ నొక్కినా ఏమీ కదలకపోతే అడ్రస్ పెట్టె కుడి చివర చిన్న గుర్తు ఏమైనా ఉందేమో చూడండి. బ్రౌజర్ కొత్త విండోను ఆపి ఉండవచ్చు. అసలైన సైట్ అని రూఢి చేసుకున్నాక ఆ సైట్‌కు మాత్రమే అనుమతి ఇవ్వండి.

7. వెంటనే డౌన్‌లోడ్: మళ్లీ లాగిన్ అయ్యి, ఒకే ట్యాబ్‌లో, ఆలస్యం చేయకుండా బటన్ నొక్కండి. డౌన్‌లోడ్ మేనేజర్ వాడకండి. దిగడం పూర్తయ్యే వరకు లాగౌట్ కావద్దు.

దిగిన ఫైలు అసలైనదేనా?

విత్తన ప్యాకెట్ కొన్నప్పుడు లేబుల్, లాట్ నంబరు చూసుకుంటాం. ఇన్‌స్టాల్ చేసే ముందు ఫైలుకు కూడా ఆ పరీక్ష చేయాలి.

మొదట అడ్రస్ చూడండి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సైట్ల చిరునామా సాధారణంగా "జీఓవీ డాట్ ఇన్" లేదా "ఎన్‌ఐసీ డాట్ ఇన్"తో ముగుస్తుంది. ఆ అక్షరాలు మధ్యలో ఎక్కడో ఉండి, చివర ఇంకేదో ఉంటే అది ప్రభుత్వ సైట్ కాదు. వెతికితే పైన కనిపించే ప్రకటనల లింకులు నొక్కకండి.

తర్వాత ఫైలు ప్రాపర్టీస్‌లో "డిజిటల్ సిగ్నేచర్స్" అన్న ట్యాబ్ చూడండి. సంతకం చేసిన సంస్థ పేరు మీకు తెలిసినదై, వివరాల్లో సంతకం సరిగ్గా ఉందని వస్తే నమ్మకం పెరుగుతుంది. అన్ని ఫైళ్లకూ సంతకం ఉండదు. సైట్‌లో హాష్ అనే పొడవైన అక్షరాల వరుస ఇచ్చి ఉంటే దానితోనూ సరిచూడవచ్చు. విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ అనే సాధనం మీ ఫైలు హాష్‌ను లెక్కగట్టి చూపిస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు వాడకూడదు.

ఫైలు పేరు చివర కూడా గమనించండి. "పీడీఎఫ్" అని కనిపించి, దాని వెనక "ఈఎక్స్‌ఈ" ఉంటే అది పత్రం కాదు, నడిచే ప్రోగ్రాం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి పేర్ల చివరి భాగం కనిపించేలా పెట్టుకోవాలి.

విండోస్ నీలి రంగు పెట్టెలో "మీ పీసీని కాపాడాం" అని ఆపితే, ఆ ఫైలు తనకు పరిచయం లేదని చెబుతోందన్నమాట. అంతమాత్రాన అది వైరస్ అని తేలిపోదు, మంచిదని కూడా తేలదు. పైన చెప్పిన పరీక్షలు అయ్యాకే ముందుకు వెళ్లండి. యాంటీవైరస్ ఫైలును ఎత్తి పక్కన పెడితే దాన్ని పూర్తిగా ఆపేయకండి. ఏ పేరుతో ఆపిందో రాసుకుని సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వారిని అడగండి.

ఇన్‌స్టాల్ దగ్గర ఆగితే

• పాత వెర్షన్ తీసేసే ముందు, అందులోని అమ్మకాలన్నీ సర్వర్‌కు చేరాయో లేదో చూసి, స్టాకు నివేదిక ప్రింటు తీసుకోండి. ఇది మర్చిపోతే గోదాములో ఉన్న బస్తాలకూ, కంప్యూటర్‌లో ఉన్న లెక్కకూ పొంతన కుదరదు. తనిఖీలో జవాబు చెప్పుకోవలసింది మీరే.
• జిప్ ఫైలును ముందు "ఎక్స్‌ట్రాక్ట్ ఆల్" చేసి, బయటకు వచ్చిన ఫోల్డర్ నుంచి సెటప్ నడపండి. జిప్ లోపలి నుంచే నడిపితే సగం భాగాలు దొరక్క ఆగిపోతుంది.
• సెటప్ మీద కుడి బటన్ నొక్కి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఎంచుకోండి.
• 32 బిట్ విండోస్‌లో 64 బిట్ సాఫ్ట్‌వేర్ ఎక్కదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ దగ్గర మీది ఏదో ఉంటుంది.
• ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే కొన్ని పాత సెటప్‌లు తడబడతాయి. సీ డ్రైవ్‌లో ఇంగ్లిష్ పేరుతో చిన్న ఫోల్డర్ చేసి అక్కడి నుంచి నడిపి చూడండి.

సాఫ్ట్‌వేర్ ఎక్కింది, వేలిముద్ర పడటం లేదు

ఇది వేరే సమస్య. దీనికోసం మొత్తం సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయనక్కర్లేదు. వేలిముద్ర పరికరానికి రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు కావాలి. ఒకటి డ్రైవర్, రెండోది ఆర్‌డీ సర్వీస్. రెండూ ఆ పరికరం తయారుచేసిన కంపెనీ సైట్ నుంచే తీసుకోవాలి. పరికరం నమోదు గడువు ముగిసినా పని చేయదు.

ఆధార్ సర్వర్ ఇచ్చే లోపం సంఖ్యలు కొన్ని గుర్తుంచుకుంటే రైతును ఊరికే నిలబెట్టే అవసరం రాదు.

• 300: వేలిముద్ర సరిపోలలేదు. పొలం పనితో అరిగిన వేళ్లకు ఇది తరచూ వస్తుంది. చేతులు కడిగి తుడుచుకుని, వేరే వేలితో చూడాలి. పరికరం అద్దం కూడా మెత్తని గుడ్డతో తుడవాలి.
• 330: ఆధార్‌దారు తన బయోమెట్రిక్స్ లాక్ చేసుకున్నారు. రైతు లేదా వారి ఇంట్లోవారు ఆధార్ సైట్‌లో లేదా ఆధార్ యాప్‌లో లాక్ తీయాలి.
• 561, 562: సమయం లెక్క కుదరలేదు. మళ్లీ కంప్యూటర్ గడియారం దగ్గరికే రావాలి.

ఈ పనులు మాత్రం చేయకండి

పని ఆగిపోయి జనం ఎదురుచూస్తున్నప్పుడే తప్పుదారి పట్టే ప్రమాదం ఎక్కువ. "నా దగ్గర సెటప్ ఉంది, వాట్సాప్‌లో పంపుతా" అని ఎవరో అంటారు. ఆయన మంచివాడే కావచ్చు. ఆ ఫైలు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియకపోవచ్చు. మీ కంప్యూటర్‌లో రైతుల ఆధార్ వివరాలు, సంఘం బ్యాంకు లాగిన్ ఉంటాయి. ఒక్క నకిలీ ఫైలు వాటన్నిటినీ బయటపెట్టగలదు.

అలాగే ముక్కూ మొహం తెలియని వ్యక్తి ఫోన్ చేసి "హెల్ప్‌డెస్క్ నుంచి" అని చెప్పి, కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్ వేసుకోమంటే వేయకండి. నంబరును అసలైన సైట్ నుంచి తీసుకుని మీరే ఫోన్ చేయండి. ఓటీపీని ఎవరికీ చెప్పకండి.

రైతుల ఫోన్లకూ ఇదే ప్రమాదం ఉంది. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి, వాటిని వేసుకున్న వారి ఫోన్లలోని మెసేజ్‌లు, ఓటీపీలు చదివి ఖాతాలు ఖాళీ చేస్తున్న మోసాల గురించి పోలీసులు పదే పదే హెచ్చరించారు. పథకం యాప్ ఏదైనా ప్లే స్టోర్ నుంచే తీసుకోండి. డబ్బు పోయినట్లు గమనిస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును ఆపే వీలు అంత ఎక్కువ.

దుకాణం ముందున్న రైతుకు నాలుగు మాటలు

• వేలిముద్ర వేసిన ప్రతిసారీ రసీదు అడగండి. "పడలేదు, ఇంకోసారి వేయండి" అంటే తెర మీద ఏ సంఖ్య వచ్చిందో చూపించమనండి. ఒకటికి రెండుసార్లు మీ పేరున బస్తాలు నమోదు కాకుండా చూసుకోవాలి.
• రసీదులోని బస్తాల సంఖ్య, ధర సరిచూసుకోండి. 45 కిలోల వేప పూత యూరియా బస్తా గరిష్ఠ ధర రూ. 266.50.
• ఒక దుకాణంలో సాఫ్ట్‌వేర్ ఆగితే లైసెన్సు ఉన్న మరో దుకాణంలోనో, సొసైటీలోనో కొనుక్కోవచ్చు. రసీదు లేకుండా ఎక్కువ ధరకు కొనవద్దు.
• సమస్య రెండు మూడు రోజులు సాగితే మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణాధికారికి (ఏఈవో) రైతు వేదికలో చెప్పండి. సాగు సలహాలకు కిసాన్ కాల్ సెంటర్ టోల్ ఫ్రీ నంబరు 1800-180-1551.

ఫిర్యాదు ఇలా రాస్తే త్వరగా తేలుతుంది

"సాఫ్ట్‌వేర్ రావట్లేదు సార్" అని రాస్తే అవతలివారు మళ్లీ పది ప్రశ్నలు అడగాలి. ఇలా రాయండి:

"మాది న్యాల్‌కల్ మండలంలోని ఎరువుల దుకాణం. ఈ రోజు ఉదయం 10.20కి లాగిన్ అయ్యాను. డౌన్‌లోడ్ నొక్కితే 403 వచ్చింది. విండోస్ 11, 64 బిట్, క్రోమ్ కొత్త వెర్షన్. తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయి. హాట్‌స్పాట్‌తోనూ, ప్రైవేట్ విండోలోనూ ఇదే వచ్చింది. తెర ఫోటో జత చేశాను."

డీలర్ ఐడీ రాయవచ్చు. పాస్‌వర్డ్, ఓటీపీ, రైతుల ఆధార్ నంబర్లు మాత్రం రాయకూడదు, ఫోటోలో కూడా కనిపించకూడదు.

రోహిణి కార్తెలోనే చూసుకోండి

మృగశిర వచ్చాక దుక్కి మొదలుపెట్టే రైతు ఉండడు. దుకాణం కంప్యూటర్‌కు కూడా సీజన్‌కు ముందే ఒక పూట కేటాయించండి. లాగిన్ అయ్యి చూడండి. పాస్‌వర్డ్ గడువు, నమోదైన ఫోన్ నంబరు, వేలిముద్ర పరికరం సరిచూడండి. కొత్త వెర్షన్ వచ్చి ఉంటే అప్పుడే దించి, సైజు, సంతకం చూసి వేసుకోండి. ఆ సెటప్‌ను తేదీ, వెర్షన్ రాసి పెన్‌డ్రైవ్‌లో దాచండి. అది మీ కంప్యూటర్ కోసమే, పంచడానికి కాదు. మళ్లీ వాడేటప్పుడు అదే తాజా వెర్షనో కాదో చూసుకోండి. కరెంటు పోయినా డౌన్‌లోడ్ ఆగకుండా యూపీఎస్ బ్యాటరీ పరీక్షించండి. ఈ పనులన్నీ ఇద్దరికైనా తెలిసి ఉండేలా చూడండి. తెలిసిన ఒక్కరూ ఊళ్లో లేని రోజే కంప్యూటర్ మొరాయిస్తుంది.

తేదీ, నెట్, బ్రౌజర్, లాగిన్, ఫైలు తూకం, సంతకం. ఈ ఆరింటినీ ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించుకోండి. పదునున్న రోజున రైతు బస్తాతో ఇంటికి చేరతాడా, ఖాళీ చేతులతో తిరిగి వెళ్తాడా అన్నది కొన్నిసార్లు ఆ కాగితమే తేలుస్తుంది.